అడవిలో ఆపద: మొదట చేరేది బీట్ అధికారి, ఆయన చేతిలో ఉన్నదెంత?

సంక్షిప్తంగా: ఉత్తర తెలంగాణ అడవుల్లో పులి మనిషిపై దాడి చేసినా, వేటగాళ్ల కరెంటు తీగ బయటపడినా, వాగు పొంగి పర్యాటకులు చిక్కుకున్నా కబురు మొదట అందేది అటవీ శాఖలో కింది స్థాయిలో గస్తీ తిరిగే బీట్ అధికారికే. సోదా చేయడానికి, వస్తువులు స్వాధీనం చేసుకోవడానికి, అరెస్టు చేయడానికి చట్టం ఆయనకు అధికారం ఇచ్చింది. అయితే ఆ అధికారం పనిచేయడానికి కావలసినవి, అంటే ఆయుధం, జనాన్ని అదుపు చేసే బలగం, లైన్‌లో కరెంటు నిలిపే వీలు, కోర్టులో నిలబడేలా వాంగ్మూలం నమోదు చేసే హోదా, ఇతరుల దగ్గర ఉన్నాయి. వాళ్లందరూ ఎంత త్వరగా ఒకచోటికి చేరతారన్న దాన్ని బట్టి, ఆ ఊరు అటవీ సిబ్బందిని ఎంతవరకు నమ్ముతుందన్న దాన్ని బట్టి ఘటన ఏ మలుపు తిరుగుతుందో తేలుతోంది.

రేంజర్ అనే మాట వెనుక రెండు వ్యవస్థలు

పత్రికల్లో, టీవీల్లో ‘రేంజర్’ అన్న మాట వినగానే చాలామందికి నడుముకు తుపాకీ, చేతిలో వైర్‌లెస్ సెట్ ఉన్న అమెరికా జాతీయ పార్కు ఉద్యోగి గుర్తుకొస్తాడు. అక్కడ 1872లో ఏర్పడిన యెల్లోస్టోన్‌తో జాతీయ పార్కులు మొదలయ్యాయి. 1916లో వాటి నిర్వహణకు ప్రత్యేక సంస్థ వచ్చింది. ఆ సంస్థలోని చట్ట అమలు రేంజర్లు పార్కు హద్దుల్లో పూర్తిస్థాయి పోలీసులే. దొంగతనం, తాగి వాహనం నడపడం, వేట, తప్పిపోయిన యాత్రికుల కోసం గాలింపు, కొండ మీద నుంచి పడినవారికి ప్రథమ చికిత్స అన్నీ ఒకే విభాగం కిందకు వస్తాయి. యెల్లోస్టోన్ పూర్తిగా ఫెడరల్ పరిధిలో ఉంటుంది, కేసులు వినే న్యాయస్థానం కూడా పార్కు లోపలే ఉంది.

మన దగ్గర రేంజర్ అంటే ఫారెస్ట్ రేంజ్ అధికారి. ఆయన కింద సెక్షన్ అధికారి, ఆ కింద బీట్ అధికారి, వారితో పాటు తాత్కాలిక వాచర్లు, యానిమల్ ట్రాకర్లు ఉంటారు. తెలంగాణలో జాతీయ పార్కులుగా ప్రకటించిన కేబీఆర్, మృగవని, మహావీర్ హరిణ వనస్థలి మూడూ హైదరాబాద్‌లోనో, దాని శివార్లలోనో ఉన్నాయి. వరంగల్ నుంచి పైకి విస్తరించిన అసలైన అడవులు అభయారణ్యాలుగా, టైగర్ రిజర్వ్‌గా, మామూలు రిజర్వ్ ఫారెస్టుగా ఉన్నాయి. పాకాల, ఏటూరునాగారం అభయారణ్యాలు 1950ల నాటివి. 1965లో అభయారణ్యమైన కవ్వాల్‌ను 2012లో పులుల అభయారణ్యంగా ప్రకటించారు. దాని కోర్, అంటే పూర్తి రక్షణ ఉన్న లోపలి ప్రాంతం సుమారు 892 చదరపు కిలోమీటర్లు, చుట్టూ రక్షణ వలయంగా ఉన్న బఫర్ అంతకన్నా పెద్దది.

యెల్లోస్టోన్‌లో ఊళ్లు, చేలు లేవు. కవ్వాల్ బఫర్‌లో ఊళ్లున్నాయి, పత్తి చేలున్నాయి, చేల మీదుగా త్రీఫేజ్ లైన్లున్నాయి. కోర్ ప్రాంతంలోని రాంపూర్, మైసంపేట గ్రామాల 142 కుటుంబాలను 2024లో అక్కడి నుంచి తరలించారు, అయితే అలాంటి తరలింపులు ఇప్పటికీ కొద్దిగానే జరిగాయి. ఏటూరునాగారం అభయారణ్యంలోంచి 163వ నంబరు జాతీయ రహదారి పోతుంది. రెండేళ్లకోసారి మేడారం జాతరకు లక్షల మంది వచ్చేది కూడా ఆ అడవిలోకే. కాబట్టి ఇక్కడి అటవీ సిబ్బంది ఎదుర్కొనే ఘటనలు నిర్జన వనంలో జరిగేవి కావు. ఏ ఘటన తీసుకున్నా అందులో ఊరు, విద్యుత్ సంస్థ, రెవెన్యూ, పోలీసు, ఒక్కోసారి పక్క రాష్ట్రం కూడా ఉంటాయి.

కాగితం మీద పెద్ద అధికారమే

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 50వ సెక్షన్ ఒక ఆసక్తికరమైన తేడా చూపిస్తుంది. ఈ చట్టం కింద సోదా, స్వాధీనం, అరెస్టు చేయాలంటే పోలీసుల్లో కనీసం ఎస్సై హోదా ఉండాలి. అటవీ శాఖలో మాత్రం ‘ఏ అటవీ అధికారి అయినా’ చేయవచ్చు. అంటే బీట్ అధికారి కూడా వేటగాడిని పట్టుకుని మేజిస్ట్రేట్ ముందు హాజరుపరచవచ్చు. వన్యప్రాణి శరీర భాగాలు ఎవరి దగ్గరైనా దొరికితే, ఆ స్వాధీనం చట్టబద్ధమని నిరూపించుకునే భారం 57వ సెక్షన్ ప్రకారం నిందితుడి మీదే పడుతుంది. మొదటి షెడ్యూలులోని, అంటే అత్యధిక రక్షణ ఉన్న జాబితాలోని జంతువును వేటాడితే మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల వరకు జైలు. నేరం టైగర్ రిజర్వ్ కోర్ ప్రాంతంలో జరిగితే జరిమానా మరింత పెరుగుతుంది. కలప కేసుల్లో 1967 నాటి అటవీ చట్టం 44వ సెక్షన్ ఉంది. దొంగ కలపతో పట్టుబడిన లారీని, ట్రాక్టరును క్రిమినల్ కేసు తేలేదాకా ఆగకుండానే జప్తు చేసే అధికారం అధీకృత అటవీ అధికారికి ఉంటుంది. కలప వ్యాపారికి జైలు కన్నా ఈ జప్తు అంటేనే ఎక్కువ భయమని ఆ శాఖలో పనిచేసిన ఎవరైనా చెబుతారు.

అయితే నిందితుడు చెప్పింది కోర్టులో సాక్ష్యంగా నిలవాలంటే, నిందితుడి సమక్షంలో దాన్ని నమోదు చేసే అధికారి కనీసం సహాయ కన్జర్వేటర్ హోదాలో ఉండాలి. జిల్లాల్లో ఆ హోదా ఉండేది ఫారెస్ట్ డివిజనల్ అధికారికి. రాత్రి రెండు గంటలకు ఉచ్చు దగ్గర వేటగాణ్ని పట్టుకున్న బీట్ అధికారికి గానీ, తెల్లారేసరికి అక్కడికి చేరిన రేంజ్ అధికారికి గానీ ఆ అధికారం లేదు. వాళ్లు చేయగలిగింది పంచనామా రాయడం, వస్తువులకు సీలు వేయడం, ప్రాథమిక నేర నివేదిక, శాఖ భాషలో పీవోఆర్, నమోదు చేయడం. ఎఫ్‌డీవో ఆలస్యమైతే మొదటి మాట మారిపోవచ్చు. పైగా 55వ సెక్షన్ ప్రకారం వన్యప్రాణి కేసు పోలీసు ఛార్జిషీటుతో నడవదు. నిర్దేశిత అధికారి స్వయంగా కోర్టులో ఫిర్యాదు దాఖలు చేయాలి. ఆ ఫిర్యాదు రాసేది, వాయిదాలకు తిరిగేది, ఆ రోజు బీట్‌లో గస్తీ తిరగవలసింది చాలా సందర్భాల్లో అదే సిబ్బంది.

ఆయుధాల విషయానికి ఇక్కడ చరిత్ర ఉంది. నక్సలైట్ ఉద్యమం ముమ్మరంగా ఉన్న రోజుల్లో దళాలు తుపాకులు ఎత్తుకుపోతాయన్న భయంతో అటవీ సిబ్బంది ఆయుధాలను పోలీస్ ఠాణాల్లో అప్పగించారు. అస్సాంలో ఇందుకు భిన్నంగా జరిగింది. కాజీరంగా వంటి అడవుల్లో ఖడ్గమృగాల వేటను అడ్డుకునే సిబ్బంది తుపాకీ వాడితే విచారణ నుంచి కొంత రక్షణ కల్పిస్తూ అక్కడి ప్రభుత్వం 2010లో ఉత్తర్వు ఇచ్చింది. ఆ పద్ధతి మీద విమర్శలూ ఉన్నాయి. వేటగాడు, కట్టెలకు వచ్చిన గిరిజనుడు చీకట్లో ఒకేలా కనిపించే అడవిలో తుపాకీ ఎవరి మీద పేలుతుందన్న ప్రశ్న చిన్నది కాదు. ఇక్కడ బీట్ అధికారి చేతిలో నేటికీ ఉండేది లాఠీ, టార్చి, సెల్‌ఫోను. సిగ్నల్ ఉంటే సెల్‌ఫోను పనికొస్తుంది.

కరెంటు తీగ: కనిపించని ఉచ్చు

ఈ ప్రాంతంలో వేట పద్ధతి మారిన తీరు అర్థమైతే సిబ్బంది పని ఎందుకు కష్టమైందో తెలుస్తుంది. వెనుకటి రోజుల్లో వల, ఉరి, నాటు తుపాకీ ఉండేవి. ఇప్పుడు ఎక్కువగా వాడుతున్నది బైండింగ్ వైరు. అడవి అంచున వ్యవసాయ లైను గానీ, 11 కేవీ లైను గానీ ఉన్నచోట కొక్కెంతో కరెంటు లాగుతారు. వెదురు ముక్కలనో, కర్రలనో అడుగు, అడుగున్నర ఎత్తున వరసగా పాతి, వాటి మీదుగా పందులు, దుప్పులు నీళ్లకు నడిచే దారికి అడ్డంగా సన్నని తీగ కడతారు. చీకటి పడ్డాక కొక్కెం తగిలిస్తారు, కోడి కూయకముందే తీసేస్తారు. పగలు చూస్తే గుంజలు పాతిన చిన్న గుంతలు, కాలిన గడ్డిచారిక తప్ప ఏమీ కనిపించవు.

ఈ ఉచ్చుకు జంతువుల మధ్య తేడా తెలియదు. అడవి పంది కోసం పెట్టిన తీగకు పులి తగులుతుంది, ఎద్దు తగులుతుంది, చేను కాపలాకు పోయిన రైతు తగులుతాడు. 2024 ఫిబ్రవరిలో కాటారం అడవుల్లో కూంబింగ్‌కు వెళ్లిన గ్రేహౌండ్స్ జవాను జంతువుల కోసం అమర్చిన కరెంటు తీగ తగిలి మరణించాడు. 2025 మేలో కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా పెంచికల్‌పేట్ అడవిలో ఆడపులి ఇలాగే చనిపోయింది, ఆ కేసులో పలువురు అరెస్టయ్యారు.

గస్తీకి వెళ్లేవారికీ ఇదే ప్రమాదం. అందుకే లైన్లకు దగ్గరగా ఉన్న బీట్లలో రాత్రి గస్తీ తిరిగేవారు ముందు పైకి, అంటే తీగల వైపు, చూడాలి. కొక్కెం కనిపిస్తే కింద వైరు ఎటు పోయిందో వెతకాలి గానీ వైరు పట్టుకుని వెనక్కి రాకూడదు. లైను ఆపే అధికారం విద్యుత్ సిబ్బందిది. వరంగల్ కేంద్రంగా పనిచేసే ఉత్తర పంపిణీ సంస్థ పరిధిలోనే ఈ అడవులన్నీ ఉన్నాయి. అందువల్ల బీట్ అధికారికి లైన్‌మన్ ఫోన్ నంబరు ఎంత ముఖ్యమో చెప్పనక్కర్లేదు.

దర్యాప్తులో అంతగా వాడని సాక్ష్యం ఒకటి ఇక్కడే ఉంది. జంతువు తీగకు తగిలినప్పుడు చాలాసార్లు ఫీడర్ ట్రిప్ అవుతుంది, అంటే సబ్‌స్టేషన్ నుంచి వచ్చే ఆ లైనులో కరెంటు దానంతటదే ఆగిపోతుంది. ట్రిప్ అయిన సమయం సబ్‌స్టేషన్ లాగ్‌బుక్‌లో నమోదవుతుంది. గాలీవానా లేని రాత్రి ఒకే ఫీడర్ పదేపదే ట్రిప్ అయితే, ఆ లైను పొడవునా ఎక్కడో తీగ పెట్టారని అనుమానించడానికి అది చాలినంత సూచన. విద్యుత్ సంస్థ దాన్ని సాంకేతిక లోపంగా రాసుకుని ఊరుకుంటుందా, తెల్లారకముందే రేంజ్ కార్యాలయానికి చెబుతుందా అన్నది ఇప్పటికీ స్థానిక పరిచయాల మీదే ఎక్కువగా ఆధారపడి ఉంది. వ్యవసాయ లైన్ల మీద కరెంటు దొంగతనాన్ని యూనిట్ల నష్టంగా లెక్కించినంత కాలం ఇది మారే అవకాశం తక్కువ.

పులి చనిపోయినట్టు తేలాక పని ఇంకో దారిలో సాగుతుంది. జాతీయ పులుల సంరక్షణ సంస్థ నియమాల ప్రకారం, మరోలా నిరూపణ అయ్యేదాకా ప్రతి పులి మరణాన్నీ వేటగానే పరిగణించాలి. పోస్టుమార్టం నిర్దేశిత బృందం ముందే జరగాలి, గోళ్లు, కోరలు, చర్మం లెక్క చూడాలి, నమూనాలు ప్రయోగశాలకు పోవాలి. హైదరాబాద్‌లోని సీసీఎంబీకి చెందిన లాకోన్స్ ప్రయోగశాల జన్యు పరీక్షతో జంతువును గుర్తిస్తుంది. కళేబరాన్ని గోళ్లతో సహా అక్కడే కాల్చి బూడిద చేస్తారు.

పత్తి చేలో పులి

ఆసిఫాబాద్ జిల్లాలో మనుషుల మీద జరిగిన పులి దాడుల తేదీలను పక్కపక్కన పెడితే ఒక విషయం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. 2020 నవంబరులో దహెగాం మండలం దిగిడలో యువకుడు, అదే నెలాఖరున పెంచికల్‌పేట్ మండలం కొండపల్లిలో బాలిక చనిపోయారు. 2022లో వాంకిడి మండలంలో ఒక రైతు, 2024లో కాగజ్‌నగర్ మండలంలో ఒక యువతి బలయ్యారు. ఈ నాలుగూ నవంబరులోనే జరిగాయి. పత్తి ఏరే నెల అది. చేను భుజాల ఎత్తుకు పెరిగి ఉంటుంది, ఏరేవారు వంగి ఉంటారు, మంచు వల్ల పొద్దున చూపు ఆనదు. పులి దృష్టిలో వంగిన మనిషి, నాలుగు కాళ్ల జంతువు ఒకే ఎత్తులో కనిపిస్తాయని నిపుణులు చెప్పే వివరణ ఈ చేలకు అచ్చంగా సరిపోతుంది. మహారాష్ట్రలోని తాడోబా, తిప్పేశ్వర్ అడవుల్లో పులుల సంఖ్య పెరిగాక, తల్లిని వదిలిన కుర్ర పులులు ప్రాణహిత, పెన్‌గంగ దాటి చోటు వెతుక్కుంటూ ఇటు వస్తున్నాయి. వాటికి కవ్వాల్ కోర్ చేరేదాకా దారి పొడవునా దట్టమైన అడవి లేదు. మధ్యలో ఉన్నవి పత్తి చేలు.

దాడి జరిగిన మొదటి గంటలో అటవీ సిబ్బంది ముందున్న అసలు సమస్య పులి కన్నా ముందు జనం. మృతదేహం చుట్టూ ఊరంతా చేరుతుంది, అడుగుజాడలు తొక్కిసలాటలో చెరిగిపోతాయి, కోపం ముందుగా కనిపించిన యూనిఫాం మీదకు మళ్లుతుంది. నియమావళి ప్రకారం జనాన్ని దూరం చేయాలి, అవసరమైతే గుమిగూడటంపై నిషేధాజ్ఞలు జారీ చేయాలి. ఆ ఆజ్ఞలు ఇచ్చే అధికారం అటవీ శాఖది కాదు, వాటిని అమలు చేయాల్సింది పోలీసులు. బీట్ అధికారి వెంటనే చేయగల పని చిన్నదే గానీ కీలకమైనది: మిగిలిన ఒక్క అడుగుజాడ మీదనైనా తట్ట బోర్లించి కాపాడడం. తర్వాత దాని పొడవు, వెడల్పు కొలిచి, ప్లాస్టర్ ఆఫ్ పారిస్ అచ్చు తీసి, కెమెరా ట్రాప్ చిత్రంలోని చారలతో పోల్చి ఏ పులో తేలుస్తారు. అది తేలకుండా మత్తు సూది గానీ, బోను గానీ పెట్టలేరు. వన్యప్రాణి చట్టం 11వ సెక్షన్ కింద రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షకుడి రాతపూర్వక ఆదేశం లేకుండా ఆ జంతువును పట్టడానికి కూడా వీల్లేదు. ఊరివారికి ఇది కాలయాపనగా కనిపిస్తుంది. కానీ వేరే పులిని పట్టుకుపోతే దాడి చేసినది అక్కడే మిగిలిపోతుంది.

2024 ఘటన తర్వాత కాగజ్‌నగర్ పల్లెల్లో తల వెనుక పెట్టుకునే ముఖం మాస్కులు పంచారు. పులి సాధారణంగా వెనుక నుంచే వస్తుందన్న అనుభవం మీద 1980లలో సుందర్‌బన్స్‌లో మొదలైన ఉపాయం అది. చేలకు గుంపుగా వెళ్లడం, ఎండ వచ్చాక దిగి పొద్దు వాలకముందే ఇల్లు చేరడం వంటి సూచనలు అంతకన్నా నమ్మదగినవి. కాకపోతే కూలి లెక్క కిలోల మీద ఉండే పత్తి ఏరుడులో రోజుకు మూడు గంటలు తగ్గించుకోమనడం తేలిక కాదు.

పరిహారం కూడా భద్రతలో భాగమే. మనిషి చనిపోతే కుటుంబానికి ఇచ్చే మొత్తం ఇప్పుడు 10 లక్షల రూపాయలు. పశువు చనిపోయినప్పుడు ఇచ్చే పరిహారం విషయంలో ఆలస్యం మరో రకంగా ప్రాణాంతకం. పులి తాను చంపిన ఎద్దు దగ్గరికి రెండో రాత్రి మళ్లీ వస్తుంది. ఈలోగా పంచనామాకు ఎవరూ రాకపోతే, కడుపు మండిన యజమాని దగ్గర పురుగుల మందు డబ్బా ఉంటుంది. 2024 జనవరిలో కాగజ్‌నగర్ పరిధిలోని దరిగాం అడవిలో రెండు పులులు విషం కలిసిన పశు కళేబరం వల్లే చనిపోయాయి. అక్కడ వేట ఉద్దేశం లేదు.

అలవాటు లేని జంతువు వస్తే ఏమవుతుందో అదే ఏడాది ఏప్రిల్‌లో తేలింది. మహారాష్ట్ర వైపు నుంచి ప్రాణహిత దాటి వచ్చిన ఒంటరి ఏనుగు ఒక్కరోజు వ్యవధిలో ఇద్దరు రైతుల ప్రాణం తీసింది. ఏనుగులే లేని జిల్లాలో దాన్ని మళ్లించే శిక్షణ సిబ్బందికి ఎక్కడి నుంచి వస్తుంది? పక్క జిల్లా గడ్చిరోలి నుంచి కబురు సకాలంలో అందడమే అక్కడ ఉండదగిన ఒకే రక్షణ.

సిబ్బంది మీద దాడులు, పోడు నేపథ్యం

2019 జూన్ 30న కాగజ్‌నగర్ మండలం కొత్త సార్సాలలో మొక్కలు నాటించడానికి ట్రాక్టర్లతో వెళ్లిన మహిళా రేంజ్ అధికారిని కర్రలతో కొట్టిన దృశ్యాలు దేశమంతా చూసింది. 2022 నవంబరు 22న వరంగల్‌కు పొరుగున ఉన్న భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో, ప్లాంటేషన్‌లో పశువుల మేతను అడ్డుకున్న చండ్రుగొండ రేంజ్ అధికారి హత్యకు గురయ్యారు. మరుసటి ఏడాది కోర్టు ఇద్దరికి జీవిత ఖైదు విధించింది. రెండు ఘటనల్లోనూ వేటగాళ్లు లేరు, కలప దొంగలు లేరు. వివాదం నేల మీద, ఆ నేలలో నాటిన మొక్కల మీద.

అటవీ హక్కుల చట్టం 2005 డిసెంబరు 13ను గడువుగా పెట్టింది. ఆ తేదీకి ముందు నుంచి సాగులో ఉన్న గిరిజనులకు హక్కు వస్తుంది. 2023 జూన్‌లో ఆసిఫాబాద్‌లో మొదలైన పంపిణీలో 1.51 లక్షల మందికి 4.06 లక్షల ఎకరాలకు పట్టాలు ఇస్తున్నట్టు ప్రభుత్వం ప్రకటించింది. పట్టా రానివారు, గడువు తర్వాత నరికినవారు, ఛత్తీస్‌గఢ్ నుంచి వలస వచ్చిన గుత్తికోయలు ఆ లెక్కకు బయట మిగిలారు. ఆ హద్దు ఎక్కడ గీయాలన్నది రెవెన్యూ, రాజకీయ స్థాయిలో తేలవలసిన విషయం. తేలనప్పుడు ఆ గీత మీద కందకం తవ్వించే పని రేంజ్ అధికారికి పడుతుంది. సిబ్బందికి తుపాకులు తిరిగి ఇవ్వాలన్న వాదన చండ్రుగొండ తర్వాత బలపడింది. వేటగాళ్ల విషయంలో దానికి అర్థం ఉందేమో గానీ, పోడు చేల దగ్గర తుపాకీ వల్ల తగ్గే ఘర్షణ కన్నా పెరిగేదే ఎక్కువ కావచ్చు. ఇంకో చిక్కు కూడా ఉంది. పోడు వివాదంలో బీట్ అధికారిని శత్రువుగా చూసిన ఊరు, రేపు చేలో తీగ ఎవరు పెట్టారో ఆయనకు చెప్పదు. వేట కేసుల్లో సమాచారం దాదాపు ఎప్పుడూ ఊళ్లోంచే రావాలి.

మంట, వరద, గాలి

ఫిబ్రవరి నుంచి మే దాకా మంటల కాలం. ఇప్పపువ్వు ఏరడానికి చెట్టు కింద ఆకులు కాల్చడం, తునికి చిగుళ్ల కోసం నిప్పు పెట్టడం, ఆర్పని బీడీ ముక్క ప్రధాన కారణాలు. ఉపగ్రహం 375 మీటర్ల గడిలో వేడిని గుర్తించి పంపే సందేశం ఫోనుకు వస్తుంది. అక్కడి నుంచి పని చేతులదే: బ్లోయర్‌తో ఎండుటాకులు ఊది, మంటకు ముందు ఖాళీ గీత తీయడం.

వానల్లో పరిస్థితి వేరు. 2023 జులై 26న వెంకటాపురం మండలంలోని ముత్యాలధార జలపాతానికి వెళ్లిన 80 మందికి పైగా పర్యాటకులు వాగు పొంగి అడవిలో చిక్కుకుంటే, జాతీయ విపత్తు దళం, పోలీసులు కలిసి అర్ధరాత్రి దాటాక బయటికి తెచ్చారు. మర్నాటి లెక్కల్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో 649.8 మిల్లీమీటర్ల వాన నమోదైంది. అలాంటి రాత్రి తాడు, లైఫ్ జాకెట్ లేని వాచర్ చేయగలిగింది దారి చూపడమే. అడవి దారి తెలిసినవాడు లేకుండా ఆ దళం కూడా ముందుకు కదలడం కష్టం.

2024 ఆగస్టు 31న తాడ్వాయి, మేడారం మధ్య వీచిన ప్రచండ గాలికి దాదాపు 50 వేల చెట్లు కూలాయని అటవీ శాఖ లెక్క వేసింది. పడిపోయిన చెట్లను లెక్కించడం, నంబరు వేయడం, ఎవరూ ఎత్తుకుపోకుండా కాపలా కాయడం మళ్లీ అదే బీట్ సిబ్బంది పనైంది.

ముందున్న పరిస్థితి

కవ్వాల్‌ను తాడోబాతో కలిపే దారిని కుమురం భీం కన్జర్వేషన్ రిజర్వ్‌గా ప్రకటిస్తూ 2025 మేలో వెలువడిన 49వ నంబరు జీవోను గిరిజన సంఘాల ఆందోళన తర్వాత జులైలో ప్రభుత్వం నిలిపివేసింది. అంటే పులులు వాడుతున్న ఆ దారి ప్రస్తుతానికి మామూలు అటవీ డివిజన్ల పరిధిలోనే ఉంటుంది. టైగర్ రిజర్వులకు వచ్చే కేంద్ర నిధులు, బేస్ క్యాంపులు, ప్రత్యేక ట్రాకర్లు ఆ డివిజన్లకు అదే స్థాయిలో రావు. అటు దక్షిణాన 2024 డిసెంబరులో ఒక పులి అడుగుజాడలు వరంగల్ జిల్లా నల్లబెల్లి మండలం వరకు కనిపించాయి. పాకాల చుట్టుపక్కల పత్తి, మొక్కజొన్న చేలలో పులి ఘటనను ఎదుర్కొన్న అనుభవం అక్కడి సిబ్బందికి తక్కువ. ఆసిఫాబాద్ సిబ్బంది నాలుగేళ్లలో నేర్చుకున్నది, అంటే తట్ట బోర్లించిన అడుగుజాడ నుంచి లైన్‌మన్ ఫోన్ నంబరు దాకా, నర్సంపేట రేంజ్ వరకు ఏ శిక్షణ ద్వారా చేరుతుందన్నది వచ్చే పత్తి కాలానికి ముందే తేలవలసిన విషయం.